ఇంట్లో సోలార్ సెల్: రాగి రేకు, మందార రసం, పగిలిన సిలికాన్ ముక్కలు – ఏది ఎంత ఇస్తుంది?

మారతహళ్ళి_మధు
అందరికీ నమస్కారం. బెంగళూరులో దొరికే మామూలు సరుకుతో ఇంట్లో సోలార్ సెల్ చేయాలి. ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకి చూపించడానికి. ఖర్చు తక్కువ ఉండాలి, వీలైతే ఏదో ఒకటి వెలగాలి. నాకు కనపడిన దారులు మూడు. ఒకటి రాగి రేకుని కాల్చి ఉప్పునీళ్ళలో ముంచేది. రెండు, గాజు మీద తెల్ల పొడి పూసి పువ్వు రసం పట్టించేది. మూడు, పాత సీడీ మీద గాజు డయోడ్లు అతికించి చుట్టూ రాగి తీగ తిప్పేది. మూడోది తేలిగ్గా ఉంది, వీడియోల్లో బల్బు కూడా వెలుగుతోంది. దేనితో మొదలుపెట్టమంటారు?

మీటరు_మావయ్య
మూడోది వదిలెయ్యండి, అది కనికట్టు. ఆ జీనర్ డయోడ్ గాజు గొట్టంలో ఉన్న సిలికాన్ చిప్పు చదరపు మిల్లీమీటరు కూడా ఉండదు. ఎండలో పెడితే మీటరు ముల్లు కదిలే మాట నిజమే, ఎందుకంటే ఏ పీఎన్ జంక్షన్ మీద, అంటే రెండు రకాల సెమీకండక్టర్ కలిసే అతుకు మీద, వెలుతురు పడ్డా కొంత కరెంటు పుడుతుంది. కానీ అది మైక్రో ఆంపియర్లో ముక్కల లెక్క. సీడీ మెరుపు దానికి చేసే సాయం ఏమీ లేదు. రాగి తీగ చుట్ట సాయం అంతకన్నా లేదు. బల్బు వెలిగిందంటే బల్ల కింద బ్యాటరీ ఉందని అర్థం.

మిగతా రెండూ నిజమైనవే. అయితే ఏది చేసినా ముందు ఒక నియమం పెట్టుకోండి: చీకట్లో రీడింగు రాసుకోకుండా ఎండలో రీడింగు చెప్పకూడదు. రెండు లోహాలు ఉప్పునీళ్ళలో పెడితే ఎండ లేకుండానే వోల్టేజి వస్తుంది. అది సోలార్ కాదు, నిమ్మకాయ బ్యాటరీకి చుట్టం.

రేకులషెడ్డు
రాగి రేకు పద్ధతి నేను రాస్తాను.

కావలసినవి: సుమారు అర మిల్లీమీటరు మందం రాగి రేకు. 24 గేజ్ అని అడిగితే 0.56 మి.మీ. ఇస్తారు, సరిపోతుంది. పది సెంటీమీటర్ల చదరం ముక్కలు రెండు. ఒక్కోటి 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. మెడ కోసేసిన రెండు లీటర్ల ప్లాస్టిక్ సీసా, రెండు పెద్ద చెంచాల ఉప్పు, రెండు క్రోకడైల్ క్లిప్పులు, మైక్రో ఆంపియర్ రేంజి ఉన్న మల్టీమీటరు. మీటరూ క్లిప్పులూ ఎస్.పి. రోడ్డు ఎలక్ట్రానిక్స్ బజారులో ఏ కొట్టులోనైనా ఉంటాయి. రేకు కావాలంటే రాగి, ఇత్తడి సరుకు అమ్మేవాళ్ళ దగ్గర అడగాలి.

పొయ్యి దగ్గరే చాలామంది తప్పు దారి పడతారు. కావలసింది పైకి కనపడే కాయిల్ ఉన్న కరెంటు పొయ్యి, వెయ్యి వాట్లకి తగ్గకూడదు. ఇండక్షన్ స్టవ్ పనికిరాదు, రాగి అయస్కాంతానికి లొంగదు కాబట్టి అది రాగిని గిన్నె కింద లెక్కే వెయ్యదు. గాజు పలక ఉన్న ఇన్‌ఫ్రారెడ్ స్టవ్ మధ్యమధ్యలో తనే ఆగిపోతుంది, వేడి నిలవదు. గ్యాస్ మంటలో కాలని గ్యాస్ తగిలిన చోట ఆక్సైడ్ సరిగా పెరగదు, రేకంతా మచ్చలు మచ్చలుగా వస్తుంది.

రేకుని గరుకు కాగితంతో రుద్ది, సబ్బుతో కడిగి, ఆరాక అంచులే పట్టుకోండి. వేలిముద్ర జిడ్డు ఉన్నచోట పొర పట్టదు. కాయిల్ మీద నేరుగా పెట్టి పూర్తి వేడి ఇవ్వండి. ముందు నారింజ, ఊదా, ఎరుపు రంగులు పరుగెడతాయి. చూడ్డానికి బాగుంటుంది గాని దానితో పని లేదు. తరవాత రేకు నల్లబడుతుంది. నల్లబడ్డాక ఇంకో అరగంట అలాగే ఉంచాలి, ఈ అరగంట తగ్గించకండి. నల్ల పొర మందంగా పెరిగితేనే తరవాత పెచ్చులుగా ఊడుతుంది. పలచగా ఉంటే రేకుకి కరుచుకుని కూర్చుంటుంది.

పొయ్యి ఆపేసి రేకుని కదపకుండా అక్కడే ఇరవై నిమిషాలు వదిలెయ్యండి. రాగి చల్లబడుతూ బాగా కుంచించుకుపోతుంది, ఆక్సైడ్ అంతగా కుంచించుకోదు. ఆ లాగులాటలో నల్ల పెచ్చులు చిటచిటమంటూ లేస్తాయి, కొన్ని ఎగిరి పడతాయి కూడా. కళ్ళద్దాలు పెట్టుకోండి, పిల్లలని ఒక అడుగు దూరంలో నిలబెట్టండి. చల్లారాక కుళాయి కింద పెట్టి వేలితో మెల్లగా తోస్తే పెద్ద పెచ్చులు పోతాయి. మిగిలిన చిన్న నల్ల మచ్చల జోలికి పోకండి. గోకినా, రేకు వంచినా కింది ఎర్ర పొర పోతుంది. మనకి కావలసింది ఆ ఎర్ర పొరే.

మారతహళ్ళి_మధు
చాలా వివరంగా చెప్పారండీ. ఎరుపు కింద, నలుపు పైన ఎందుకు వస్తాయి? పిల్లలు తప్పకుండా అడుగుతారు.

రేకులషెడ్డు
పైన గాలి తగిలే చోట ఆక్సిజన్ పుష్కలం, అక్కడ రాగి పూర్తిగా ఆక్సీకరణం చెంది నల్లటి క్యూప్రిక్ ఆక్సైడ్ అవుతుంది. లోపల రాగికి ఆనుకుని ఉన్న చోట ఆక్సిజన్ కొరత, అక్కడ ఎర్రటి క్యూప్రస్ ఆక్సైడ్ దగ్గర ఆగిపోతుంది. ఈ ఎర్రది అర్ధవాహకం (సెమీకండక్టర్), బ్యాండ్ గ్యాప్, అంటే దాంట్లో కరెంటు పుట్టించడానికి వెలుతురుకి ఉండాల్సిన కనీస శక్తి, 2 ఎలక్ట్రాన్ వోల్టులు, ఆ పైన కాస్త. సిలికాన్ రాకముందు కరెంటు మళ్ళించే రెక్టిఫయర్లు ఈ రాగి ఆక్సైడ్‌తోనే చేసేవాళ్ళు, 1920లలో.

అమర్చడం: రెండో రేకుని కాల్చకుండా శుభ్రంగా ఉంచండి. రెండింటినీ కొద్దిగా వంపు తిప్పి సీసాలో ఎదురెదురుగా నిలబెట్టండి, ఒకదానికొకటి తగలకూడదు. కాల్చిన రేకు వంపు కాల్చకముందే ఇచ్చెయ్యాలి. వేడి నీళ్ళలో ఉప్పు కలిపి పొయ్యండి, పైన రెండు సెంటీమీటర్లు పొడిగా వదలండి. క్లిప్పు మునిగితే అది మూడో లోహమై రీడింగు మొత్తం చెడగొడుతుంది. మామూలు రేకు మీటరు ప్లస్‌కి, కాల్చిన రేకు మైనస్‌కి. నీడలో పది మైక్రో ఆంపియర్ల లోపు చూపిస్తుంది. మంచి ఎండలో ముప్పై నుంచి యాభై వరకు పోతుంది. వోల్టేజి పావు వోల్టు దరిదాపుల్లో.

మీటరు_మావయ్య
ఆ రీడింగు వెలుతురు వల్ల వచ్చిందా, నీళ్ళు వేడెక్కినందువల్ల వచ్చిందా అని తేల్చాలి. అందుకు రెండు పరీక్షలు.

ఒకటి: అట్టముక్క అడ్డం పెట్టి తీయండి, మళ్ళీ పెట్టి తీయండి. వెలుతురు కరెంటు అట్టతో పాటే క్షణంలో పడిపోయి క్షణంలో లేస్తుంది. వేడి వల్ల వచ్చే మార్పు నిమిషాల మీద నెమ్మదిగా పాకుతుంది. రెండో పరీక్ష పిల్లలకి ఇంకా నచ్చుతుంది. చీకటి గదిలో ఒక ఎర్ర ఎల్‌ఈడీ టార్చి, ఒక నీలం ఎల్‌ఈడీ టార్చి వేసి చూడండి. క్యూప్రస్ ఆక్సైడ్ బ్యాండ్ గ్యాప్ ప్రకారం సుమారు 620 నానోమీటర్లు దాటిన వెలుతురు దానికి పట్టదు. కాబట్టి నీలానికి ముల్లు లేస్తుంది, ముదురు ఎరుపుకి దాదాపు లేవదు. ఎరుపుకి కూడా గట్టిగా లేస్తే నల్ల ఆక్సైడ్ ఎక్కువ మిగిలిందన్నమాట.

ఇక పవర్. పావు వోల్టు, యాభై మైక్రో ఆంపియర్లు గుణించి పన్నెండు మైక్రో వాట్లు అనెయ్యకండి. ఆ వోల్టేజి ఏమీ తగిలించకుండా చూసింది, ఆ కరెంటు షార్ట్ చేసి చూసింది. రెండూ ఒకేసారి ఎప్పుడూ రావు. ఇలాంటి సెల్‌లో నిజంగా పిండుకోగలిగేది ఆ లబ్ధంలో నాలుగో వంతు, అంటే 3 మైక్రో వాట్లు. కొలవాలంటే 1 కిలో ఓమ్, 4.7, 10, 22 కిలో ఓమ్ రెసిస్టర్లు ఒక్కొక్కటీ తగిలించి, దాని మీద వోల్టేజి చూసి, వోల్టేజి వర్గాన్ని ఓములతో భాగించండి. పెద్దగా వచ్చిందే మీ సెల్ సత్తా.

ఒక ఎర్ర ఎల్‌ఈడీ పూర్తిగా వెలగాలంటే 20 మిల్లీ ఆంపియర్లు, 1.8 వోల్టులు: 36 మిల్లీ వాట్లు. అంటే ఇలాంటి సీసాలు పన్నెండు వేలు. రాగే ఒక టన్ను దాటుతుంది. మధు గారూ, దీనితో ఏదీ వెలగదని ఇప్పుడే చెప్పేస్తున్నాను.

రేకులషెడ్డు
వెలగదు, ఒప్పుకుంటాను. కానీ పొయ్యి మీద ఒక అర్ధవాహకం పుట్టడం కళ్ళముందు కనపడేది దీంట్లోనే. కొన్న సెల్ తగిలిస్తే పిల్లాడికి అది బ్యాటరీలాంటి ఇంకో పెట్టె. ఇంకో సంగతి: ఇది ఒక్కపూట సరుకు. ఉప్పునీళ్ళలో వెలుతురు తగిలే కొద్దీ ఎర్ర పొర తనే పాడవుతుంది, రీడింగు గంటగంటకీ దిగుతుంది. ప్రదర్శన రోజు పొద్దున్నే నీళ్ళు పొయ్యండి, ముందు రోజు కాదు. అయిపోయాక ఆ నీళ్ళు మొక్కలకి, చేపల తొట్టికి పొయ్యకండి, వాటిలో రాగి కరిగి ఉంటుంది.

గోగుపూలు
రెండో పద్ధతి గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను. దీన్ని రంగు పట్టించిన సెల్ అంటారు, 1991లో ఓరెగన్, గ్రెట్జెల్ అనే ఇద్దరు స్విట్జర్లాండ్‌లో ఏడు శాతం పైగా సామర్థ్యంతో చేసి చూపించాకే దీనికి పేరొచ్చింది. వాళ్ళు వాడింది రుథీనియం రంగు, ప్లాటినం. మనకి పువ్వు రసం, పెన్సిల్ బొగ్గు. అర శాతం లోపే వస్తుందని అనుకుని దిగండి.

దీంట్లో కొనక తప్పనివి రెండు. ఒకటి ఎఫ్‌టీఓ గాజు, అంటే ఒక పక్క కరెంటు పారే పారదర్శకమైన పూత ఉన్న గాజు. ఇంకో రకం పూత ఉన్న ఐటీఓ గాజు చవగ్గా దొరికిందని తీసుకోకండి. కాల్చేటప్పుడు దాని పూత వాహకత్వం పడిపోతుంది. రెండు, నానో టైటానియం డయాక్సైడ్, పి25 అని అడగండి, రేణువు 20 నానోమీటర్ల చుట్టూ ఉంటుంది. రంగుల కొట్టులో దొరికే తెల్ల పొడి కూడా టైటానియం డయాక్సైడే, కానీ రేణువు దానికి పది రెట్లు పైన, పైగా అల్యూమినా, సిలికా పూత వేసి ఉంటుంది. రంగు అతుక్కోవడానికి చోటే ఉండదు. మందుల షాపు జింక్ ఆక్సైడ్ పెట్టి చూద్దామనుకుంటారు కొందరు, పుల్లటి పువ్వు రసంలో అది కరిగిపోతుంది.

పేస్టు: 6 గ్రాముల పి25కి 9 మిల్లీలీటర్ల పలచని ఎసిటిక్ యాసిడ్, పీహెచ్ 3 నుంచి 4 మధ్య. తెల్ల వెనిగర్‌ని నీళ్ళతో బాగా పలచన చేసి పీహెచ్ కాగితంతో చూసుకోవచ్చు. కల్వంలో పొడి వేసి, ఆమ్లం ఒక్కో మిల్లీలీటరే పోస్తూ, ముందు పోసింది పూర్తిగా కలిశాకే తరవాతది పోస్తూ అరగంట నూరాలి. మొత్తం ఒకేసారి పోస్తే ఉండలు కడుతుంది, ఆ ఉండలు మళ్ళీ ఎంత నూరినా విడవవు. చివర్లో గిన్నెలు తోమే రంగులేని లిక్విడ్ ఒక్క చుక్క. అప్పుడు ఇక నూరొద్దు, నురగ వస్తుంది. పావుగంట అలా వదిలేస్తే బుడగలు పోతాయి. పొడి పీల్చకుండా మాస్కు పెట్టుకోండి.

మీటరు ఓమ్స్‌లో పెట్టి గాజు ఏ పక్క పారుతోందో చూసుకోండి. పదుల ఓములు చూపించిన పక్క పూత ఉన్న పక్క. ఆ పక్క పైకి పెట్టి, మూడు అంచులకి మామూలు సెల్లో టేపు ఒక్క పొర అంటించండి. టేపు మందమే మన తడి పూత మందం, సుమారు 50 మైక్రాన్లు. మధ్యలో పేస్టు వేసి గాజు కడ్డీతో ఒక్క లాగు లాగండి, రెండోసారి లాగితే చారలు పడతాయి. ఆరాక టేపు తీసేసి 450 డిగ్రీల దగ్గర అరగంట కాల్చాలి.

చెన్నపట్నం_చిన్నోడు
అక్కా, 450 డిగ్రీలు ఇంట్లో ఎలా? ఓవెన్ 250 దాటదు కదా.

గోగుపూలు
హాట్ ఎయిర్ గన్ ఉంటే 450కి పెట్టి పైనుంచి వెయ్యొచ్చు. లేదంటే రేకులషెడ్డు గారి కాయిల్ పొయ్యి మీద మందపాటి ఇనప పలక, దాని మీద గాజు, పూత పైకి. థర్మామీటరు లేకపోయినా పూత రంగు చెబుతుంది: ముందు తెల్లగా ఉన్నది లిక్విడ్ మాడేటప్పుడు గోధుమరంగుకి తిరుగుతుంది, అది పూర్తిగా కాలిపోయాక మళ్ళీ తెల్లబడుతుంది. మళ్ళీ తెల్లబడ్డాక ఇంకో పది, పదిహేను నిమిషాలు. గోధుమరంగు దగ్గరే ఆపేస్తే రేణువులు ఒకదానికొకటి అతుక్కోవు, రంగులో ముంచగానే పూత తేలిపోతుంది. చల్లార్చడం పొయ్యి ఆపి పలక మీదే. పట్టకారుతో తీసి చల్లటి బండ మీద పెడితే గాజు టపీమని పగులుతుంది.

రంగు విషయానికి వస్తే ఏ ఎర్ర పువ్వైనా పనిచేస్తుందనుకోకండి. రంగు అణువుకి పక్కపక్కన రెండు హైడ్రాక్సిల్ (ఓహెచ్) గుంపులు ఉంటేనే టైటానియంని పట్టుకుంటుంది. మందారలో ఉండే సయనిడిన్ అనే రంగుకి అవి ఉన్నాయి. ఎర్ర గోంగూర కాయల తొడుగుల్లో సయనిడిన్, అలాంటిదే డెల్ఫినిడిన్, రెండూ ఉన్నాయి, నా ఓటు దానికే. ఎండబెట్టినవి ఏడాది పొడుగునా దొరుకుతాయి. నేరేడు కూడా మంచిదే గాని ఆ రెండు నెలలే. ఆకుకూర పసరు సరిగా అతుక్కోదు. బీట్‌రూట్ పడుతుంది, కానీ వెలుతురులో త్వరగా వెలిసిపోతుంది.

ఐదారు తొడుగులు నలిపి, మునిగేంత వేడి నీళ్ళు, రెండు చుక్కల వెనిగర్ వేసి వడకట్టండి. పిప్పి మిగలకూడదు. గాజు ఇంకా గోరువెచ్చగా ఉండగానే ముంచండి, పూర్తిగా చల్లారితే పూత గాలిలో చెమ్మ పీల్చుకుని రంగుకి చోటివ్వదు. పది నిమిషాల్లో రంగు ఎక్కుతుంది. గాజు వెనకనుంచి చూస్తే ఎక్కడా తెలుపు కనపడకూడదు. తీసి నీళ్ళతో, తరవాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడిగి, అద్ది ఆరబెట్టండి. శానిటైజర్ జెల్ వాడకండి, దాంట్లో గ్లిజరిన్ ఉంటుంది.

రెండో గాజు పూత పక్క మీద 6బి లేదా 8బి పెన్సిల్‌తో ఖాళీ లేకుండా రుద్దండి. కొవ్వొత్తి మసి కూడా పడుతుంది, వేలు తగిలితే పోతుంది.

ద్రవం పది మిల్లీలీటర్లకి: ఇథిలీన్ గ్లైకాల్ 10 మి.లీ., పొటాషియం అయొడైడ్ 0.83 గ్రాములు, అయొడిన్ 0.127 గ్రాములు. ముందు అయొడైడ్ కరగాలి, తరవాతే అయొడిన్. కారు కూలెంట్‌లో ఉన్నది ఇదే గ్లైకాల్ కదా అని పోస్తారు, దాంట్లో రంగులూ తుప్పు మందులూ ఉంటాయి, వద్దు. పుండు మీద రాసే పొవిడోన్ అయొడిన్ కూడా వద్దు. దాంట్లో అయొడిన్ పాలిమర్‌కి కట్టుబడి ఉంటుంది, పైగా నీళ్ళు. గ్లైకాల్ తియ్యగా ఉండే విషం. పిల్లల చేతికి సీసా ఇవ్వకుండా డ్రాపర్‌తో మీరే వెయ్యండి.

రెండు గాజులూ పూతలు లోపలికి, అంచులు కాస్త అటూ ఇటూ జరిపి, రెండు బైండర్ క్లిప్పులు పెట్టండి. అంచున ఒక్క చుక్క ద్రవం వేస్తే అదే లోపలికి పాకుతుంది. బయటికి వచ్చింది తుడిచెయ్యాలి, మీటరు క్లిప్పుకి అయొడిన్ తగిలితే లోహాన్ని తినేస్తుంది. రంగు పట్టిన గాజు మైనస్, పెన్సిల్ గాజు ప్లస్. వెలుతురు రంగు గాజు వైపునుంచి పడాలి.

మీటరు_మావయ్య
ఇక్కడ కూడా ఒక జత గాజులు రంగు ముంచకుండా కట్టి పక్కన పెట్టండమ్మా. టైటానియం డయాక్సైడ్ బ్యాండ్ గ్యాప్ 3.2 ఎలక్ట్రాన్ వోల్టులు, అది ఒక్కటే ఉంటే అతినీలలోహితం తప్ప పట్టదు. రంగున్నదానికీ లేనిదానికీ తేడాయే పువ్వు చేసిన పని. దీని రెసిస్టర్లు వేరు: 22, 47, 100, 220, 470 ఓములు.

గోగుపూలు
మంచి మాట మావయ్యా. అంకెలు చెప్తాను. రెండు సెంటీమీటర్ల చదరం పూతకి, నడి ఎండలో, ఖాళీగా 0.4 వోల్టు, షార్ట్ చేస్తే నాలుగు మిల్లీ ఆంపియర్ల ప్రాంతం. లోడు మీద అర మిల్లీ వాటు పైచిలుకు. నాలుగు వరసగా కలిపితే సోలార్ కాలిక్యులేటరు నడుస్తుంది, దానికి మైక్రో ఆంపియర్లు చాలు. ఆరు కలిపితే ఎర్ర ఎల్‌ఈడీ చేతి నీడలో కనపడేంత వెలుగుతుంది. తెల్లది, నీలంది పెట్టకండి, వాటికి మూడు వోల్టుల దాకా కావాలి. ద్రవం ఆవిరవుతుంది. రీడింగు పడిపోతే ముందు ఒక చుక్క వేసి చూడండి, సెల్ చచ్చిందని అప్పుడే పారెయ్యకండి.

పాతరేడియో
ఇంత రసాయనం వద్దనుకునేవాళ్ళకి: పాత ఆంప్లిఫయర్‌లోంచి 2ఎన్3055 ట్రాన్సిస్టర్ తీసి, ఇనప టోపీని అంచు దగ్గర ఆకురాయితో అరగదీసి ఊడదీయండి. లోపల చిప్పు మీద ఎండ పడితే బేస్ ప్లస్, బాడీ మైనస్‌గా అర వోల్టు, కొన్ని మిల్లీ ఆంపియర్లు. నకిలీలో చిప్పు ఆవగింజంత ఉంటుంది, దాంట్లో ఏమీ రాదు. ఎర్ర ఎల్‌ఈడీని ఎండకి చూపించినా వోల్టున్నర దాకా వస్తుంది, కరెంటు మాత్రం మైక్రో ఆంపియర్లే. తెల్ల సిరామిక్ ముక్క ఉన్న ట్రాన్స్‌మిటర్ ట్రాన్సిస్టర్లు మాత్రం పగలగొట్టకండి, కొన్నింటిలో బెరీలియం ఆక్సైడ్ ఉంటుంది, ఆ దుమ్ము ఊపిరితిత్తులకి ప్రమాదం.

కొత్తకుర్రోడు_కేఆర్‌పురం
అన్నలూ, పెరోవ్‌స్కైట్ అనే కొత్త రకం సెల్ ఇంకా చవక, సామర్థ్యం ఎక్కువ అంటున్నారు. అది చేద్దామా?

నిర్వాహకుడు
వద్దు తమ్ముడూ. దానికి లెడ్ అయొడైడ్, డైమిథైల్ ఫార్మమైడ్ కావాలి. ఆ ద్రావణి చర్మంలోంచే ఒంట్లోకి పోతుంది, తనతో పాటు లెడ్ విషాన్నీ తీసుకుపోతుంది. ఫ్యూమ్ హుడ్ (విషపు ఆవిరి బయటికి లాగే ల్యాబు పెట్టె) లేని చోట దీని తయారీ విధానం ఈ వేదికలో ఉంచం.

టంకంపొగ
మధు గారు అడిగింది రెండు: అర్థం కావాలి, వెలగాలి. అర్థం కావడానికి పైవన్నీ సరే. వెలగడానికి మాత్రం సిలికాన్ ముక్కలు కొనుక్కుని మనం సోల్డర్ చెయ్యాలి. సిలికాన్ సెల్‌ని ఇంట్లో చెయ్యలేం, ప్యానెల్‌ని చెయ్యగలం.

ఆరంగుళాల సెల్ ఒకటి ఎండలో అర వోల్టు, సుమారు 8 ఆంపియర్లు, 4 వాట్లు ఇస్తుంది. విరిగితే కరెంటు సైజుని బట్టి తగ్గుతుంది, వోల్టేజి తగ్గదు. అందుకే పగిలినవి కొన్నా నష్టం లేదు. ఎనిమిదో వంతు ముక్క ఒక ఆంపియర్ ఇస్తుంది. అలాంటివి పన్నెండు వరసగా కలిపితే 6 వోల్టులు, ఒక ఆంపియర్. వరసలో అన్నిటికన్నా చిన్న ముక్క ఎంత ఇస్తే మొత్తం అంతే ఇస్తుంది, కాబట్టి పదకొండు పెద్దవి, ఒకటి చిన్నది పెట్టకండి.

పాత రకం సెల్‌కి ముందు నీలం వైపు మైనస్, వెనక ప్లస్. కొత్తగా వచ్చే ఎన్ టైప్ సెల్స్‌కి తిరగబడి ఉంటుంది. అందుకే ప్రతి లాట్‌లో ఒక ముక్కకి మీటరు పెట్టి చూడండి. వెనక బూడిదరంగు అల్యూమినియం మీద టంకం అంటదు, వెండి చారలున్న చోటే అంటుతుంది. ముక్క కొనేటప్పుడే రెండు పక్కలా చార ఉందా అని చూసుకోవాలి, లేకపోతే ఆ ముక్క దండగ.

సెల్ మందం 0.2 మిల్లీమీటరు కూడా ఉండదు. టంకం పెట్టే ఐరన్‌తో నొక్కితే విరుగుతుంది. ఉలి మొన ఉన్న 50, 60 వాట్ల ఐరన్ తీసుకోండి, 25 వాట్లది వద్దు. చిన్న ఐరన్ వేడి నిలుపుకోలేక మనల్ని నొక్కేలా చేస్తుంది. కింద ఇనప బల్ల ఉంటే వేడంతా లాగేస్తుంది, అట్ట మీద గాజు పెట్టుకోండి. చార మీద ఫ్లక్స్ పెన్ను (టంకం బాగా అంటేలా చేసే ద్రవం ఉన్నది) గీసి, టాబింగ్ వైరు, అంటే సెల్స్ కలిపే చదును రాగి పట్టీ, ఆనించి, ఐరన్ మొనని ఒక చివరనుంచి ఇంకో చివరికి మెల్లగా ఒక్కసారి జరపండి. టాబింగ్ వైరుకి టంకం ముందే పూసి ఉంటుంది, విడిగా తీగ అక్కర్లేదు. రెండు సెల్స్ మధ్య మూడు నాలుగు మిల్లీమీటర్ల ఎడం, ఆ ఎడంలో వైరుకి చిన్న వంపు. పగలు వేడికి సాగి రాత్రి చలికి ముడుచుకునేటప్పుడు ఆ వంపు లేకపోతే టంకం దగ్గర ఊడుతుంది. టంకంలో సీసం ఉంటుంది, పని అయ్యాక చేతులు కడుక్కోవాలి.

చెన్నపట్నం_చిన్నోడు
మూత దేనితో వెయ్యాలి? ఇక్కడ సముద్రపు గాలికి ఏదైనా నెలల్లో నల్లబడుతుంది.

టంకంపొగ
కంపెనీ వాళ్ళు ఈవీఏ అనే ప్లాస్టిక్ షీటు పెట్టి వాక్యూమ్‌లో 150 డిగ్రీల దగ్గర కరిగిస్తారు, ఇంట్లో కుదరదు. ఇస్త్రీపెట్టెతో నొక్కితే బుడగలు నిలుస్తాయి. ఎపాక్సీ పొయ్యకండి, ఎండకి పచ్చబడి పగులుతుంది. చిన్న ప్యానెల్‌కి నాలుగు మిల్లీమీటర్ల గాజు, అల్యూమినియం ఫ్రేము, అంచులకి న్యూట్రల్ క్యూర్ సిలికాన్ సీలెంట్, అంటే ఆరేటప్పుడు ఆమ్లం వదలని రకం. సీలెంట్ ట్యూబు తెరిస్తే వెనిగర్ వాసన వస్తే అది వేరే రకం, దాంట్లోంచి వచ్చే ఆమ్లం రాగి వైరుని తింటుంది. మీకు చెన్నైలో ఇది ఇంకా ముఖ్యం. పూర్తిగా సీలు వెయ్యడం కుదరకపోతే కింది అంచున చిన్న రంధ్రం వదలండి, లోపల చెమ్మ చేరి నిలిచిపోవడం కన్నా అది మేలు. చెక్క పలక వాడకండి, వేడికి వంకర పోయి సెల్స్‌ని పగలగొడుతుంది.

మారతహళ్ళి_మధు
12 వోల్టుల బ్యాటరీకి 36 సెల్స్ అంటారు కదా. 12కి 24 చాలు కదండీ?

మీటరు_మావయ్య
బ్యాటరీ నిండాలంటే 14.4 దాకా ఎక్కించాలి. 36 సెల్స్‌కి 18 వస్తుంది, అది 25 డిగ్రీల దగ్గర. నడి ఎండలో సెల్ 65 డిగ్రీలకి పోతుంది. ఒక్కో డిగ్రీకి 0.4 శాతం దాకా తగ్గుతుంది, నలభై డిగ్రీలకి సుమారు 15 శాతం. పద్దెనిమిదిలోంచి అది తీసేస్తే 15.3. పైన, రాత్రి బ్యాటరీ కరెంటు వెనక్కి పారకుండా పెట్టే డయోడ్ ఒక అర వోల్టు తింటుంది. ఇంకేం మిగిలింది? అందుకే 36. 24 పెడితే 12 దగ్గరే ఆగి ఎప్పటికీ నిండదు.

ప్రదర్శన ఎప్పుడో చెప్పలేదు గాని, బెంగళూరు 13 డిగ్రీల అక్షాంశం. ఏప్రిల్ చివర, ఆగస్టు మూడో వారంలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు, ప్యానెల్ చదునుగా పెట్టాలి. ఆ రెండు తేదీల మధ్య ఉత్తరానికి జరుగుతాడు. డిసెంబరులో అయితే దక్షిణానికి ముప్పై ఐదు డిగ్రీల దాకా వంచితే మంచి రీడింగు. ఏడాదంతా ఒకేచోట బిగించేదానికి దక్షిణానికి 13 చాలు.

మారతహళ్ళి_మధు
అయితే మూడూ పెడతాను: సీసా ఒకటి, పువ్వు గాజులు నాలుగు కాలిక్యులేటర్‌కి, సిలికాన్ ముక్కలు పన్నెండు ఒక లాంతరుకి. లాంతర్‌లో ఒక 18650 సైజు లిథియం సెల్, దాన్ని ఛార్జి చేసే టీపీ4056 మాడ్యూల్ అనుకుంటున్నా. మబ్బు పడితే ఆ మాడ్యూల్ లైటు వెలిగి ఆరిపోతూ ఉంటుందని విన్నాను, నిజమేనా?

టంకంపొగ
నిజమే. అది మొదటినుంచీ ఒక ఆంపియర్ లాగడానికి అమర్చి వస్తుంది. ప్యానెల్ అంత ఇవ్వలేనప్పుడు వోల్టేజి కుంగి చిప్పు ఆగుతుంది, ఆగగానే వోల్టేజి లేస్తుంది, మళ్ళీ మొదలు. మాడ్యూల్ మీద 1.2 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి ఉంటుంది, మీద 122 అని రాసి ఉంటుంది. అది పీకి 2 కిలో ఓమ్ పెడితే 580 మిల్లీ ఆంపియర్లు, 5 పెడితే 250. మీ ప్యానెల్‌కి 2 కిలో ఓమ్ పెట్టండి, ముసురు రోజుల్లో చూపించాలంటే 5. ప్యానెల్ ప్లస్‌కి 1ఎన్5819 డయోడ్ అక్కర్లేదు, చిప్పు రాత్రి వెనక్కి పారనివ్వదు, పైగా ఆరు వోల్టుల్లో ఆ కాస్తా దండగ. ఖాళీగా ఏడు వోల్టులు దాటకూడదు, మీ పన్నెండు ముక్కలు ఎండలో 7.2 చూపించొచ్చు, చల్లటి పొద్దుట ఇంకాస్త. ఆ చిప్పు గరిష్ఠం 8. మీటరు పెట్టి చూసుకుని ఎక్కువగా ఉంటే ఒక ముక్క తగ్గించి పదకొండు చెయ్యండి.

గోగుపూలు
మధు గారూ, ఒక చిన్న మాట. అయొడిన్ ద్రవం బట్ట మీదో బల్ల మీదో పడితే విటమిన్ సి మాత్ర నీళ్ళలో నలిపి రాయండి, మరక పోతుంది. మిగిలిన ద్రవాన్ని కూడా అలాగే రంగు విరిచేసి, సీసా మీద విషమని రాసి మూత పెట్టి ఉంచండి. గ్లైకాల్ విషం దాంతో పోదు, సింకులో పొయ్యకండి. స్కూలు ల్యాబు వ్యర్థాలతో పాటు ఇచ్చెయ్యండి.